నేను నమోదు చేయని కాగితం

మా ఆఫీసులో ఒక రికార్డు అసిస్టెంటు గురించి ఒక కథ చెప్పుకుంటారు. ప్రభుత్వం రిటైర్మెంటు వయసు పెంచిందని తెలియగానే, అప్పటికే ఇంటికి పోయిన ఆయన పుట్టిన తేదీ మార్చుకుని మళ్ళీ కుర్చీలో కూర్చోవాలని చూశాడట, దొరికిపోయాడట. చేవెళ్ళలో కొత్తగా చేరిన పిల్లలు ఆయన ముఖం కూడా చూడలేదు, అయినా ఈ కథ వాళ్ళకు తెలుసు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పినప్పుడు నవ్వుకోవడానికి పనికొస్తుంది. ఆ నవ్వుల్లో మొదట్లో నేనూ చాలాసార్లు కూర్చున్నాను.

ఆ కథ అబద్ధం. ఆయన ఏదీ మార్చుకోవాలని చూడలేదు. తేదీ తప్పుగా రాసింది నేను. ఆ తప్పు దిద్దుకునే దారి మూసేసింది కూడా నేనే. ఇప్పుడు నేను ఉద్యోగంలో లేను కాబట్టి ధైర్యం వచ్చిందని మీరు అనుకుంటే కాదనను.

నేను జూనియర్ అసిస్టెంటుగా చేరినప్పుడు ఆయనకు నలభై నిండబోతున్నాయి. ఏడో తరగతి చదువుతో అటెండరుగా వచ్చి రికార్డు అసిస్టెంటు అయ్యాడు. ఆ రోజుల్లో అటెండర్లు అరవై దాకా పనిచేసేవాళ్ళు, ఆ పై మెట్టువాళ్ళు యాభై ఎనిమిదికే దిగిపోవాలి. ప్రమోషన్ ఇచ్చి రెండేళ్ళు కోసుకున్న ప్రభుత్వాన్ని తలుచుకుని ఆయనే నవ్వేవాడు. ఊరు ఎంకపల్లి. పొద్దున్నే సైకిలు మీద మొయినాబాద్ దాకా వచ్చి, తెలిసినవాళ్ళ దుకాణం ముందు దాన్ని ఆనించి, నేనెక్కే చేవెళ్ళ బస్సే ఎక్కేవాడు. కిటికీ పక్క సీటు నాకు ఇచ్చి తాను ఇవతల కూర్చునేవాడు. నన్ను తమ్మీ అనేవాడు, నేను అన్నా అనేవాణ్ణి.

భార్య చాలా ముందే పోయింది. ఒక్కతే కూతురు, పెళ్ళయి దొంతన్‌పల్లిలో ఉండేది. ఒకసారి బస్సులో తనంతట తానే అన్నాడు.

"ఇంట్ల నాతోని ముచ్చటవెట్టెటోళ్ళు లేరు తమ్మీ. నా ముచ్చటంత గీ బస్సుల, ఆఫీసుల, ఆదివారం మా చర్చిల. గంతే."

ఆయన వాళ్ళ చర్చి కమిటీలో పెద్ద. ఆదివారం ముందు వరుసలో కూర్చునేవాడు. అది ఆయనకు ఎంత గొప్పో, సోమవారం బస్సులో కూర్చుంటే తెలిసేది. పాస్టరు ఏం చెప్పాడు, ఎవరి బిడ్డకు పేరు పెట్టారు, మైకు ఎవరు పాడుచేశారు, అన్నీ నాకు తెలియాల్సిందే.

నాకు పని నేర్పింది కూడా ఆయనే. ఫైలు ఎట్లా కట్టాలి, ఏ కాగితం మీద ఏ కాగితం రావాలి, పదేళ్ళ కిందటి ఉత్తరం వాసన చూసి ఏ బీరువాలో ఉంటుందో ఎట్లా చెప్పాలి. చివరిది నాకు రాలేదు.

నేను చేరిన కొన్నేళ్ళకు, ఒక వానాకాలం ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్ గోడ కురిసింది. ఉద్యోగుల సర్వీసు రిజిస్టర్లు ఉండే బీరువా అడుగు అర నానింది, తరువాత చెదలు పట్టాయి. సర్వీసు రిజిస్టరు అంటే ఒక ఉద్యోగి బతుకు మొత్తం ఉన్న పుస్తకం. పుట్టిన తేదీ, చేరిన తేదీ, సెలవులు, ఇంక్రిమెంట్లు, శిక్షలు, ఆఖరికి చావు. పాడైన పుస్తకాలకు నకళ్ళు రాసే పని నాకు అప్పగించారు. నా చేతిరాత బాగుంటుందని పేరు.

ఆయన పుస్తకంలో నెలా, సంవత్సరం స్పష్టంగానే ఉన్నాయి. తారీఖు దగ్గర ఒక నిలువు గీత, దాని పక్కన గోధుమరంగు మరక. పుస్తకానికి కుట్టిన ఏడో తరగతి సర్టిఫికెట్టు చెదల పాలైంది. పక్కగదిలోనే ఆ మనిషి ఉన్నాడు. లేచి వెళ్ళి అడిగితే అర నిమిషం పని. నేను అడగలేదు. ఒకటో తారీఖు అని రాసేశాను.

ఎందుకంటే మా వైపు అందరూ ఒకటో తారీఖునే పుడతారు. ఊళ్ళో పిల్లవాణ్ణి బడిలో చేర్చడానికి తీసుకొస్తే తండ్రికి తేదీ గుర్తుండదు. పంతులు వయసు అంచనా వేసి, ఏదో ఒక నెల ఒకటో తారీఖు వేసేవాడు. మా ఆఫీసులో సగం మంది అట్లా పుట్టినవాళ్ళే, నాతో సహా. కానీ ఆయన తండ్రి తేదీ మరిచిపోయే మనిషి కాడు. బిడ్డ పుట్టిన వారంలోనే చర్చి రిజిస్టరులో రాయించాడు. మార్చి పదకొండు.

ఏడాదికి ఒకసారి ప్రతి ఉద్యోగీ తన సర్వీసు రిజిస్టరు చూసుకుని సంతకం చేయాలి. అది నియమం. మా అలవాటు వేరు. గుమాస్తా వేలు పెట్టిన చోట సంతకం పెట్టి వెళ్ళిపోవడం. ఆయన కూడా నా వేలు చూసేవాడు, పుస్తకం చూసేవాడు కాదు. "నువ్వు రాసినవంటే కరెక్టే ఉంటది," అనేవాడు.

అట్లా ఏళ్ళు గడిచాయి. కరోనా వచ్చిన ఏడాది చలికాలంలో ఆయన రిటైర్మెంటు ఉత్తర్వు వచ్చింది. ఫిబ్రవరి ఆఖరున దిగిపోవాలి. తెలియనివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. నెల ఒకటో తారీఖున పుట్టినవాడు అంతకు ముందు నెల ఆఖరి రోజునే రిటైరవుతాడు. రెండో తారీఖున పుట్టినా చాలు, ఆ నెలంతా ఉంటాడు. మార్చి ఒకటి అని నేను రాశాను కాబట్టి ఆయనకు ఫిబ్రవరి వచ్చింది.

మరుసటి రోజు ఆయన నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. చేతిలో ఒక అర్జీ, దానికి పిన్ను పెట్టి పాస్టరు రాసిచ్చిన కాగితం.

"తమ్మీ, గిదేంది? నేను మార్చి పదకొండుల పుట్టిన. ఫిబ్రవరిల ఎట్ల పోత?"

పుస్తకం తీశాను. నా అక్షరాలు ఎంత అందంగా ఉన్నాయో అప్పుడు చూశాను. ఆ నెలలోనే ప్రమోషన్ ఇవ్వబోయేవాళ్ళ జాబితాలో, మేం ప్యానెల్ అంటాం, నా పేరు ఉంది. సర్వీసు రిజిస్టరు తప్పుగా రాశాడని ఒక్క మెమో వస్తే ఆ ఏడుకు నా పేరు పక్కకు పోతుంది.

"అన్నా, ఒక్క నెల తేడా," అన్నాను. "దీనికోసం అర్జీ పెడితే నీ పెన్షన్ కాగితాలు మొత్తం వెనక్కి వస్తయి. మళ్ళ మొదటి నుంచి. ఎన్ని నెలలు ఆగుతదో ఎవరికి ఎరుక?"

"ఒక్క నెలనే గానీ, తప్పు తప్పే గద?"

"చర్చి కాగితం వాళ్ళు నమ్ముతరా?"

"నమ్మకపోతే పాస్టరునే తోల్కొస్త." నవ్వాడు. తరువాత గొంతు తగ్గించి, "వయసు పెంచుతరంటున్నరు గద, జర ఆగి సూస్తే?" అన్నాడు.

"ఎన్నేళ్ళ నుంచి అంటున్నరన్నా! పెంచినప్పటి మాట."

నాకు గుర్తున్నది చెప్తున్నాను. ఆ మాట అంటున్నప్పుడు, ఒకవేళ నిజంగానే పెంచితే అన్న ఆలోచన నాకు వచ్చింది. రాలేదని చెప్పుకోవడానికి చాలా ప్రయత్నించాను. వచ్చింది.

వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు వేసి రాసుకునే ఇన్‌వర్డ్ పుస్తకంలో నేను ఆ అర్జీని ఎక్కించలేదు. మడిచి ఆయన చేతిలోనే పెట్టాను. "ఫికర్ చెయ్యకు, నేను చూసుకుంట," అన్నాను. ఆయన ఆ కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకుని రికార్డు రూములోకి పోయాడు. టీ తెచ్చే అటెండరు అక్క నా టేబుల్ పక్కనే గ్లాసులు తీస్తూ ఉంది.

"తీస్కొని నంబరు వెయ్యాల్సింది సార్," అంది. నేను వినబడనట్టు ఉన్నాను.

ఫిబ్రవరి ఆఖరి పనిరోజున వీడ్కోలు సభ. శాలువా, దండ, మా ఆఫీసరు ప్రసంగం. ఆయనను మాట్లాడమన్నారు. "బీరువా తాళాలు గా మేకుకున్నయి," అని కూర్చున్నాడు. సాయంత్రం బస్సులో నాకు కిటికీ పక్క సీటు ఇవ్వబోతే, ఈ ఒక్కరోజు నువ్వు కూర్చో అన్నా అన్నాను. కూర్చున్నాడు. దారంతా బయటికే చూశాడు.

మార్చి నెల అయిపోవడానికి ఒకటి రెండు రోజుల ముందు ఉత్తర్వు వచ్చింది. యాభై ఎనిమిది కాస్తా అరవై ఒకటి. ఆ నెల ఆఖరున దిగాల్సినవాళ్ళంతా ఇంకో మూడేళ్ళు ఉంటారు. టైపిస్టు ఫోన్లో చూసి అరిచాడు. పెద్దవాళ్ళు ఒకరినొకరు కావలించుకున్నారు. ప్రమోషన్ల కోసం కాచుకుని ఉన్న పిల్లల ముఖాలు మాడిపోయాయి. "ఇగ వీళ్ళు దిగరు, మనం ఎక్కం," అన్నాడు ఒకడు. నేను సీట్లోంచి లేవలేదు. నేను ఒక్క నెల అన్నది ఒక్క నెల కాదు.

ఏప్రిల్లో ఆయన వచ్చాడు. అదే అర్జీ, అదే పాస్టరు కాగితం. జేబులో మడిచిన గీతలు అట్లాగే ఉన్నాయి. ఈసారి నా దగ్గరికి రాలేదు, నేరుగా ఆఫీసరు గదిలోకి వెళ్ళాడు. ఆఫీసరు ఫైలు మీద రాసి నాకు పంపాడు. ఈ ఉద్యోగి సర్వీసులో ఉన్నప్పుడు అభ్యంతరం చెప్పాడా లేదా, రికార్డు చూసి తెలపండి.

అన్నీ ఆ ఒక్క ప్రశ్న మీదే ఆధారపడ్డాయి. చెప్పి ఉంటే రాతలో దొర్లిన పొరపాటు కింద దిద్దవచ్చు. చెప్పకపోతే, రిటైరయ్యాక తేదీ మార్చమని అడిగేవాడిగా మిగిలిపోతాడు, అట్లాంటివి తీసుకోరు. అటెండరు అక్క టీ పెట్టి నిలబడింది.

"పోయిన చలికాలం ఆయన ఇచ్చిన కాయిదం ఉండె గద సార్?"

"ఏ కాగితం?" అన్నాను.

ఆమె నా ముఖం చూసింది. టేబుల్ తుడిచి వెళ్ళిపోయింది. నేను ఇట్లా రాశాను: "సదరు ఉద్యోగి తన సర్వీసు కాలంలో పుట్టిన తేదీ విషయమై ఎన్నడూ రాతపూర్వక అభ్యంతరం తెలుపలేదు. పైగా ప్రతి ఏటా సంతకం చేసి ధ్రువీకరించి ఉన్నారు." ఒక్క ముక్క అబద్ధం లేదు. రాతపూర్వక కాగితాన్ని తీసుకోనిది నేను. సంతకం చోట వేలు పెట్టింది నేను. ఇరవై ఏళ్ళ నౌకరీలో అంత జాగ్రత్తగా రాసిన వాక్యం ఇంకొకటి లేదు.

అర్జీ తిరస్కరించారు. కథ అక్కడ పుట్టింది. ఏదో పని మీద ఆయన ఆఫీసుకు వస్తే, "ఏం కాకా, మళ్ళ ఎప్పుడు పుడుతున్నవ్?" అనేవాళ్ళు. ఆ మాట చేవెళ్ళ దాటి మొయినాబాద్ వచ్చింది, అక్కడి నుంచి ఎంకపల్లి చేరింది. దొంగ వయసు రాయించుకోబోయిన మనిషి చర్చిలో పెద్దగా ఎట్లా ఉంటాడని ఎవరో లేవదీశారట. ఎవరూ పొమ్మనకముందే ఆయన కమిటీలోంచి తప్పుకున్నాడు. ముందు వరుస వదిలి తలుపు దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాడని, తరువాత వెళ్ళడమే మానేశాడని విన్నాను. నాకు ప్రమోషన్ వచ్చింది.

ఆ తరువాతి ఏళ్ళ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంటే ఎవరో ఒకరు కూర్చునేవాళ్ళు, దిగిపోయేవాళ్ళు. సూపరింటెండెంటు గదికి తలుపు ఉంటుంది. ఆ తలుపు వేసుకుని ఒక్కణ్ణే తినేవాణ్ణి. టీ అందరికీ ఇచ్చాక చివర్న నాకు వచ్చేది, చల్లారి. ఆ అక్కను ఏమీ అనలేకపోయాను. యాభై నాలుగో ఏట స్వచ్ఛంద పదవీ విరమణకు రాసిచ్చాను. ప్రాయశ్చిత్తం అనుకోకండి. అక్కడ నాతో మాట్లాడేవాళ్ళు లేరు. ఇంట్లోనూ పగలంతా ఎవరూ ఉండరు. నా భార్య టీచరు, పొద్దున పోతే సాయంత్రమే వస్తుంది.

నా పెన్షన్ కాగితాల కోసం పోయిన ఏడు ఆఫీసుకు వెళ్ళినప్పుడు, కొత్త గుమాస్తా నా సర్వీసు రిజిస్టరు తెరిచి, "ఇక్కడ సార్," అని వేలు పెట్టాడు. పెన్ను పట్టుకుని ఆ పేజీ మొత్తం చదివాను. మళ్ళీ చదివాను. అతను విసుక్కున్నాడు. ఆ ఆదివారం ఎంకపల్లి వెళ్ళాను.

తలుపు తీసి, "నువ్వా," అన్నాడు ఆయన. జుట్టు పూర్తిగా నెరిసింది. లోపల రేడియో మోగుతోంది. చర్చికి వెళ్ళే వేళే అది.

"ఒక మాట చెప్పాలని వచ్చిన అన్నా."

"చెప్పు."

గడప బయటే నిలబడి మొత్తం చెప్పాను. మరక, నిలువు గీత, ప్యానెల్, ఎక్కించని అర్జీ, నేను రాసిన వాక్యం. ఆయన మధ్యలో ఒక్కసారి రేడియో ఆపడానికి లోపలికి వెళ్ళి వచ్చాడు.

"నాకెరుకనే," అన్నాడు. "గా రాత నీదేనాయె. ఇన్నేండ్లు నీ రాత సూసిన, నాకెరుకలేదా?"

"మరి పిటిషన్‌ల నా పేరు ఎందుకు రాయలే?"

"రాస్తే నీకు మెమో వస్తుండె. నీకు ప్రమోషన్ ఉన్నదని ఆఫీసుల అందరికి ఎరుకనే." "నువ్వే చెప్తవనుకున్న తమ్మీ. ఇయ్యాల చెప్తడు, రేపు చెప్తడు అనుకుంట కూసున్న. అరవై ఒకటి గూడ దాటిపాయె."

"ఇప్పుడు ఏం చెయ్యమంటవు అన్నా?" అన్నాను.

"ఏం చేస్తవ్? మూడేండ్లు తెచ్చిస్తవా?" అన్నాడు. కోపంగా అనలేదు. దర్వాజ పట్టుకుని ఆలోచించాడు. "కాయిదం రాయి. నీకు వచ్చిన పనే గద. ఒకటి ఆఫీసుల ఇయ్యి, ఒకటి మా పాస్టరుకు ఇయ్యి. దొంగ లెక్క మాట్లాడుకున్నరు నన్ను. గది పోవాలె."

"అన్నా, నన్ను..."

"ముందుగల కాయిదం రాయి."

లోపలికి రమ్మనలేదు. 

నాలుగు రోజులు పట్టింది రాయడానికి. ఒకే పేజీ. చేవెళ్ళ వెళ్ళి ఇన్‌వర్డ్ సీటులో ఉన్న అమ్మాయికి ఇచ్చాను. చదివి, వెనక్కి తిప్పి చూసింది.

"సార్, ఇందుల మీకు ఏం కావాలని రాయలేదు?"

"ఏం వద్దమ్మా. ఎక్కించి నంబరు ఇయ్యి, చాలు."

"ఏం అడగని కాయిదం నేను గిదే సూసుడు," అంది. అయినా నంబరు వేసింది. దాని మీద ఇంతవరకూ ఎవరూ ఏమీ చేయలేదు. చేయడానికి ఏమీ లేదు కూడా. రెండో నకలు పాస్టరుకు ఇచ్చాను. ఆయన చదివి, కళ్ళద్దాలు తీసి, "ఆదివారం చదువుత. ఆయనను నేనే తోల్కొస్త. నువ్వు వస్తవా?" అని అడిగాడు. రానన్నాను.

వచ్చాను. కానీ లోపలికి పోలేదు. చర్చికి ఎదురుగా రోడ్డుకు ఇవతల ఒక చాయ్ హోటల్ ఉంది, అక్కడ బెంచీ మీద కూర్చున్నాను. చర్చి గోడకు కట్టిన మైకులో పాటలు, ప్రార్థన, ప్రసంగం అన్నీ అయ్యాయి. ఆ తరువాత ప్రకటనలు. ఎవరింట్లో కూడిక, ఎవరు దవాఖానలో ఉన్నారు. అప్పుడు పాస్టరు నా కాగితం చదవడం మొదలుపెట్టాడు. మొదట నా పేరు, హోదా. ఆపైన నా వాక్యాలు ఒక్కొక్కటే రోడ్డు మీదికి వచ్చాయి. "ఆయన సర్వీసులో ఉండగానే నా దగ్గరికి వచ్చి చెప్పాడు. కాగితం కూడా ఇచ్చాడు. నేను తీసుకోలేదు. ఆయన పుట్టింది మార్చి పదకొండునే."

హోటలాయన చాయ్ వడపోస్తూ విన్నాడు.

"గా పెద్దమనిషిని గింత ఆగం జేసినోడు, గిన్నేండ్లు ఎట్ల నిద్రవోయిండో," అన్నాడు.

"మంచిగనే నిద్రవోయిండు," అన్నాను.

"నీకెట్ల ఎరుక?"

"నేనే."

ఆయన చెయ్యి ఆగింది. నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. ఏదో అంటాడనుకున్నాను. "తాగినంక గ్లాసు ఆడ వెట్టు," అని వెనక్కి తిరిగాడు.

చర్చి విడిచారు. ముందు పిల్లలు, తరువాత ఆడవాళ్ళు, ఆ వెనుక మగవాళ్ళు. ఆయన మధ్యలో ఉన్నాడు. ఇద్దరు ముగ్గురు ఆయన చేతులు పట్టుకుని ఏదో చెప్తున్నారు. ఒక ముసలామె కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. ఒకాయన గట్టిగా, "ఏం కాకా, మార్చి పదకొండు మాకు చెప్పకపోతివి, దావత్ తప్పిచ్చుకున్నవ్ గద!" అన్నాడు.

"నువ్వు తినేదానికి భయపడి చెప్పలే," అన్నాడు ఆయన. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

రోడ్డు దాటుతూ నన్ను చూశాడు. ఆగలేదు, ముఖం తిప్పుకోనూ లేదు. చూసి, పక్కవాళ్ళతో మాట్లాడుతూనే ఊళ్ళోకి నడిచాడు. వాళ్ళు మలుపు తిరిగేదాకా వాళ్ళ మాటలు వినిపించాయి. నేను గ్లాసు పెట్టేసి, మొయినాబాద్ ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డాను.